అడ్డకంప

ఆత్మకూరులో పప్పుల కొట్టు ఉదయ్ కుమార్‌కి నడక పిచ్చి పట్టి మూడేళ్ళయింది. అంతకు ముందు ఆ మనిషి కుర్చీలోంచి లేచి కందిపప్పు బస్తా దాకా పోవడమే గొప్ప. నలభై నిండకుండానే షుగరు గడప దాకా వచ్చి తొంగి చూసిందని డాక్టరు భయపెట్టాడు. భయపెట్టాడు సరే, నడవమన్నాడు గానీ పందెం ఎద్దులా పరిగెత్తమన్నాడా? మనవాడు ఏది పట్టుకున్నా అంతే. మొదట బస్టాండు దాకా, ఆ తర్వాత చెరువుకట్ట మీద, ఆపైన బైపాసు రోడ్డు. చివరికి చేతికో గడియారం, రాళ్ళని పట్టుకుని వదలని ఖరీదైన బూట్లు, ఫోన్లో 'ఆత్మకూరు వాకర్స్' అని ఒక గ్రూపు. ఎవరు ఎన్ని నిమిషాల్లో ఎంత దూరం పోయారో అందులో పెట్టుకోవడం, పైకి ఒకరినొకరు మెచ్చుకోవడం, లోపల్లోపల కుళ్ళుకోవడం.

ఆ గ్రూపులో మెడికల్ షాపు మణిదీప్ ఒకడు. ఉదయగిరి కొండని అడుగు నుంచి పైన కోటగుమ్మం దాకా గంటా ఆరు నిమిషాల్లో ఎక్కినానని పెట్టాడు. ఉదయ్ ఎంత తిప్పలు పడ్డా గంటా తొమ్మిదికి తగ్గలేదు. మూడంటే మూడే నిమిషాలు! ఆ మూడు నిమిషాలూ మనవాడి గొంతులో వెలక్కాయలా అడ్డం పడ్డాయి. అన్నం తింటున్నా అదే ఆలోచన, పప్పు తూస్తున్నా అదే ఆలోచన. భార్య సుకుమారి నవ్వేది.

"కొండేమన్నా పారిపోతాదా? మెల్లిగా ఎక్కితే వద్దు పొమ్మంటాదా?"

"నీకు తెలీదులే," అనేవాడు ఉదయ్.

దసరా వెళ్ళిన మొదటి ఆదివారం నాలుగున్నరకే కారు తీశాడు. దీపావళి సరుకు ఇంకా దిగలేదు, కొట్లో పెద్ద గిరాకీ లేదు, ఇంతకన్నా మంచి రోజు దొరకదనుకున్నాడు. రాత్రి ఒక జల్లు పడి వెలిసింది. ఉదయగిరి చేరేసరికి కొండ నెత్తిన మబ్బు కూర్చుని ఉంది. అడుగున తంగేడు పచ్చగా విరగపూసి, బోదగడ్డి తడిసి, చల్లగాలి హాయిగా తగులుతోంది. ఇలాంటి పొద్దున ఏ మనిషైనా కాసేపు నిలబడి చూస్తాడు. ఉదయ్ గడియారం నొక్కి కొండెక్కడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఆ కొండ సంగతి కొంచెం చెప్పాలి. సగం దాటాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది చుట్టుదారి, కొండ నడుము చుట్టూ మెల్లగా తిరిగిపోతుంది. ఎడమవైపుది నిటారుగా పోయి, ఇల్లంత బండ మీదుగా ఎక్కి, పైన మళ్ళీ అదే దారిలో కలుస్తుంది. బండదారి అంటారు. ఎండరోజుల్లో అందరూ బండ మీదుగానే పోతారు, ఐదు నిమిషాలు కలిసొస్తుంది. వాన పడిందంటే మాత్రం ఆ బండ మీద పాచి ఉబ్బి, సబ్బు రాసినట్టు అయిపోతుంది.

కొండ కింద పల్లెలో పాతిక ఇళ్ళవాళ్ళు ఎండుకొయ్య ఏరుకొచ్చి, ఉదయగిరిలో చెక్క గరిటెలూ స్పూన్లూ చెక్కేవాళ్ళకి ఇస్తారు. వాళ్ళలో ఆదెయ్య అని డెబ్బై దగ్గరపడిన మనిషి. అందరికన్నా ముందు, చీకటితోనే కొండెక్కుతాడు. బండ దగ్గరికి పోయి అరచేత్తో రుద్ది చూస్తాడు. జారుతోందా, కలివి కంప ఒకటి కొట్టి ఆ దారికి అడ్డంగా వేసి, గాలికి పోకుండా దాని మొదట్లో రాయి పెడతాడు. వెనక వచ్చే ఆడవాళ్ళకి కంప కనిపిస్తే కుడికి తిరుగుతారు. కంప లేదా, బండ ఎండిందని అర్థం, ధైర్యంగా ఎడమకి పోతారు. సాయంత్రం ఆఖరున దిగేవాళ్ళు దాన్ని తీసి పక్కన పడేస్తారు. నలభై ఏళ్ళుగా ఆదెయ్య పని అది. ఎవరూ పెట్టిన పని కాదు, ఎవరూ కూలి ఇచ్చేదీ కాదు. "ఆదెయ్య చూసినాడంటే మనం చూసినట్టే" అని ఊళ్ళో మాట. ఆ మాటే ఆయనకి కూడూ గుడ్డా.

ఇందులో సగం ఉదయ్‌కి తెలుసు. పోయిన నెల చీలిక దగ్గర ఆదెయ్యే ఎదురుపడి, "సామీ, కంప అడ్డముంటే ఆ పక్కకి పోబాకండి," అని చెప్పాడు. కంప ఉంటే పోకూడదు, అంతవరకు మనవాడి బుర్రకెక్కింది. లేకపోతే పోవచ్చని పల్లె పల్లెంతా నమ్ముతుందనేది ఆయనా చెప్పలేదు, ఈయనా అడగలేదు.

చీలిక దగ్గరికి వచ్చేసరికి గడియారం ముప్ఫై ఐదు చూపించింది. పోయినసారికన్నా ఒక్క నిమిషమే మేలు. ఎదురుగా ఎడమదారికి అడ్డంగా కంప. అప్పుడే కొట్టిన పచ్చి కంప, నల్లగా పండిన కలివికాయలు ఇంకా దానికే ఉన్నాయి, మొదట్లో ఎర్రటి రాయి. 'చెప్పుల కాళ్ళవాళ్ళకి కదా ఇది, నా బూట్లకేం?' అనుకున్నాడు. దాటబోయాడు. ముల్లు మేజోడుకి తగులుకుని పిక్క మీద గీరింది. ఉదయ్‌కి ఒళ్ళు మండింది. రాయి తన్ని, కంపని మొదలు పట్టుకుని లాగి, కింద వంకలోకి విసిరేశాడు. అది దొర్లుకుంటూ పోయి పొదల్లో పడింది. 'దిగేటప్పుడు ఇంకోటి వేద్దాంలే,' అనుకున్నాడు. అనుకోవడానికేం, నోటికి సుంకమా?

బండ మీద సగం ఎక్కాక కుడికాలు జర్రున జారింది. మోకాలు కొట్టుకుంది, రెండు చేతులూ పాచిలో పడ్డాయి.  అంత ఖరీదు బూట్లేసుకున్నవాడి గతే అది! ఆ క్షణాన వెనక్కి దిగి, ఏ కొమ్మో విరిచి అడ్డం వేసుంటే ఇంత కథ లేదు. మనవాడు తలెత్తి బండ వైపు చూశాడు, తల దించి గడియారం వైపు చూశాడు, పైకే పోయాడు. కోటగుమ్మం దగ్గర గడియారం ఆపితే గంటా మూడు నిమిషాలు. ఆనందం పట్టలేక ఆ గోడల మధ్య ఒక్కడే కేక పెట్టాడు. ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. నీళ్ళు తాగి, రెండు ఖర్జూరాలు తిని, కోనేరు గట్టున కాళ్ళు చాపి, వచ్చిన మెచ్చుకోళ్ళన్నీ ఒక్కొక్కటే చదువుకున్నాడు.

దిగేటప్పుడు బండ మీదికి పోయే ధైర్యం లేక చుట్టుదారి పట్టాడు. చీలిక ఇంకా కనపడకముందే ఆడవాళ్ళ ఏడుపు వినిపించింది.

బండ అడుగున ఒక పడుచు పడి ఉంది. పేరు ప్రేమలత, ఆదెయ్య కోడలు. కొయ్య ఏరేవాళ్ళకి సద్ది మూట కట్టుకుని అందరికన్నా ముందు నడిచింది. కంప లేదు కదా అని బండెక్కింది. పై నుంచి కింది దాకా జారింది. ఎడమకాలు మోకాలి కింద ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. సద్దన్నం బండ పొడుగునా చల్లినట్టు పడింది. మొగుడు శ్రీను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, "ప్రేమా, కళ్ళు తెరువు, మూయబాక," అని అరుస్తున్నాడు. ఎక్కడో పైన కొయ్య కొడుతున్న ఆదెయ్య, కేకలు విని అప్పుడే పరిగెత్తుకొచ్చి, దారి మొదట్లో నిలబడి నేల వైపు చూస్తున్నాడు. కంప ఉండాల్సిన చోటు వైపు.

చెప్పేద్దామని ఉదయ్ నోరు తెరిచాడు కూడా. ఆ తెరిచిన నోటితోనే, "చీర కట్టి డోలీ చెయ్యండి, కింద నా కారు ఉంది," అన్నాడు. డోలీ ముందుకొయ్య తన భుజం మీదే వేసుకున్నాడు. కింది దాకా మార్చనివ్వలేదు. భుజం తోలు లేచింది. చూసినవాళ్ళు దేవుడే పంపించినాడనుకున్నారు.

ఉదయగిరి ఆసుపత్రిలో కాలికి బద్దలు కట్టి, ఆత్మకూరు తీసుకుపొమ్మన్నారు. వెనక సీట్లో ప్రేమలతా శ్రీనూ, ముందు సీట్లో ఆదెయ్య, తువ్వాలు నోట్లో కుక్కుకుని. పది కిలోమీటర్లు గడిచాయి. తర్వాత శ్రీను అడిగాడు.

"నాయనా, కంప వేసినావా లేదా?"

"వేసినాను రా."

"వేస్తే యాడ ఉండాది? అంతా ఎతికినా. ఒక్క ఆకు కూడా లేదే!"

"కలివి కంప రా. కాయలుండాయి దానికి. ఎర్రరాయి పెట్టినా మొదట్లో. నా ఈ చేత్తో పెట్టినా."

"అది నిన్నటిదేమో, మొన్నటిదేమో! పోయిన వారం కత్తి ఇంట్లో మరిచిపోయి సగం కొండెక్కినావా లేదా? తువ్వాలు భుజాన పెట్టుకుని ఇల్లంతా ఎతికినావా లేదా?"

 శ్రీను ముందుకు వంగి ఉదయ్ భుజం పక్కన తల పెట్టాడు.

"సార్, మీరు పొద్దున్నే పైకి పోయినారు గదా. చీలిక కాడ కంప ఉండాదా?"

చూడండి, అడక్కుండా ఊరుకోవడం ఒకటి, మొహాన అడిగితే చెప్పడం ఇంకొకటి. ఇప్పటిదాకా మనవాడు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు, అంతే. ఇప్పుడు అడిగారు. పక్కనే ముసలాయన మొహం తిప్పి, కళ్ళల్లో ప్రాణం పెట్టుకుని చూస్తున్నాడు. 'ఉంది' అని ఒక్క మాటంటే ఆ కళ్ళు తేలికపడతాయి. కానీ ఉందంటే, మరి తీసిందెవరు అన్నది వెంటనే వస్తుంది.

"నేను చూడలేదు శ్రీనూ," అన్నాడు ఉదయ్. "ఉన్నట్టు లేదు."

ఆదెయ్య మెల్లగా మొహం అద్దం వైపు తిప్పుకున్నాడు. "సామి చూడలేదంటే లేదేమో రా," అన్నాడు. "వేసినాననుకున్నా."

ఆ మాట విన్నాక ఉదయ్‌కి రోడ్డు సరిగా కనపడలేదు. ఎట్లా నడిపాడో, ఎట్లా చేరాడో.

కాలు రెండు చోట్ల విరిగింది. నెల్లూరు తీసుకుపోయి రాడ్లు వేయించారు. ఉదయ్ కూడా వెళ్ళాడు. రోజు మార్చి రోజు వెళ్ళాడు. పళ్ళు తీసుకుపోయాడు, ఇంటికి బియ్యం పప్పు పంపించాడు. ఒక మనిషి తప్పు చేసి ఎన్ని మంచిపనులు చెయ్యగలడో అన్నీ చేశాడు, చెయ్యాల్సిన ఒక్కటి తప్ప. పోయిన ప్రతిసారీ ఆదెయ్య పెళ్ళాం వెంగమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కేది. "నీ కడుపు చల్లగుండ నాయనా, నువ్వు లేకపోతే నా కోడలు ఆ బండ కిందే పోయుండేది," అనేది. ఒంటి మీద నిప్పులు పోసినా అంత మంట ఉండదు.

గ్రూపులో ఇంకో గొడవ. 'ఉదయ్ అన్న గంటా మూడు నిమిషాల్లో కొండెక్కినాడు, దిగతా ఒక ప్రాణం కాపాడినాడు' అని మణిదీపే పెట్టాడు. దండాలు, పూలు, చప్పట్లు. కొట్టుకొచ్చినవాళ్ళు కూడా అదే మాట. "ఏంది శెట్టిగారూ, హీరో అయిపోయినారే!" అంటే మనవాడు తల వంచుకుని శనగపప్పు తూసేవాడు, ఒకసారి తూచింది మళ్ళీ తూసేవాడు. గడియారం సొరుగులో పడేశాడు. నడక మానేశాడు.

ఆదెయ్య సంగతి శ్రీను ఫోన్లో చెప్పేవాడు. "మా నాయన్ని కొండెక్కొద్దన్నాను సార్. పదిమందిలో చెప్పేసినా, ఇంక ఆయన మాట నమ్మి ఎవరూ పోబాకండి అని. ఏం చేసేది, మతి పోయినాది ఆయనకి." ఉదయ్ 'ఊ' కొట్టేవాడు. ఆ 'ఊ' ఒక్కోటీ ఒక్కో అబద్ధమే కదా.

పదిహేనో రోజు రాత్రి అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి సుకుమారికి అంతా చెప్పేశాడు. కంప, రాయి, బండ మీద జారడం, కారులో అన్న మాట. ఆమె గరిటె చేత్తో పట్టుకునే విన్నది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు ఉదయ్.

"నన్నెందుకు అడుగుతావు? నేను వద్దంటే ఆ పాపం నా నెత్తిన పెట్టి హాయిగా పడుకుందామనా?" అంది సుకుమారి. "పోయి చెప్తే చెప్పు. చెప్పకపోతే మానుకో. నాకు మాత్రం ఇంకోసారి చెప్పబాక." గరిటె గిన్నెలో పడేసి లోపలికి పోయింది. ఆ రాత్రి ఆమె కూడా తినలేదు.

అయినా మనవాడు ఇంకో వారం ఆగాడు. దీపావళి గిరాకీ అని తనకి తానే చెప్పుకున్నాడు. కొట్టు ముందు టపాకాయలు కాల్చే పిల్లల్ని చూసి నవ్వాడు కూడా. కార్తీకం వచ్చిన మొదటి ఆదివారం మెలకువ వచ్చేసరికి బయట జోరుగా వాన. పడుకున్నవాడికి ఒక్కసారిగా ఆ బండ గుర్తొచ్చింది. ఇంకేం ఆలోచించలేదు. లేచి కారు తీశాడు.

పల్లెకి పోయేసరికి వాన వెలిసింది. ఇంటి ముందు మంచం మీద ప్రేమలత కాలు చాపుకుని కూర్చుని ఉంది. వెంగమ్మ ఎదురొచ్చింది. శ్రీను కొయ్య తీసుకుని ఉదయగిరి పోయినాడంట, ఇప్పుడే వస్తాడంట.

"పెద్దాయన ఏడీ?" అన్నాడు ఉదయ్. ఇంతకాలం ఆదెయ్యా అనేవాడు.

"కొండకి పోయినాడయ్యా," అంది వెంగమ్మ, గొంతు తగ్గించి. "శ్రీనుకి చెప్పబాక. రాత్రి వాన పడిందంటే చాలు, తెల్లారేసరికి పక్క మీద ఉండడు. ఆ జారుడు మీదికి పోతాడో ఏమో, ఒక్కడే. వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు."

ఉదయ్ కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు. అట్లాగే బయల్దేరాడు.

ఆ పొద్దు అతను ఎక్కినంత వేగంగా ఎప్పుడూ ఎక్కలేదు. ఎన్ని నిమిషాలని ఎవరు చూశారు? మూడు వారాలు నడవని కాళ్ళు పది అడుగులకే బరువెక్కాయి. చెప్పు జారి బొటనవేలు రాయికి తగిలి గోరు లేచింది. ఆయాసానికి పక్కటెముకలు పట్టేశాయి. మలుపు మలుపుకీ బండ కింద పడి ఉన్న ముసలాయన కళ్ళ ముందుకొచ్చాడు. 'దేవుడా, ఆయన్ని చల్లగా ఉండనీ, అంతా చెప్పేస్తాను, ఈ ఒక్కసారి చెప్పనీ,' అని మొక్కుకుంటూ ఎక్కాడు. మళ్ళీ ఆ మొక్కులోనూ బేరమే, పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది! పడ్డాడు, లేచాడు, చేతులు నేలకానించి ఎక్కాడు.

చీలిక దగ్గర ఆదెయ్య కూర్చుని ఉన్నాడు. ప్రాణం లేచొచ్చింది ఉదయ్‌కి. దారికి అడ్డంగా కంప ఉంది, మొదట్లో రాయి ఉంది. ఆదెయ్య ఆ రాయి మీద చెయ్యి పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"ఏంది సామీ, ఇంత పొద్దున్నే?"

"నీ కోసమే వచ్చినా. ఇక్కడేం చేస్తున్నావు పెద్దాయనా?"

"కంప వేసినానా లేదా అని చూస్తా ఉండా." ఆదెయ్య సిగ్గుగా నవ్వాడు. "వేసి దిగతానా, ఆ కింది మలుపు కాడికి పోతానే, వేసినావా అని ఎవరో అడిగినట్టే ఉంటాది. మళ్ళా ఎక్కి చూస్తా. ఉంటాది. దిగతా. మళ్ళా అదే. ఈ పొద్దుకి ఇది నాలుగో మాటు. ఇట్ట చెయ్యి పెట్టుకుని కూర్చుంటే మాత్రం ఉండాదని తెలస్తా ఉంటాది."

ఉదయ్ ఆయన ముందు బురదలోనే కూలబడ్డాడు. చెప్పాడు. దాచకుండా చెప్పాడు. కంపని లాగి వంకలోకి విసిరింది తనేనని, బండ మీద తనకీ కాలు జారిందని, జారుతుందని తెలిసీ వెనక్కి రాలేదని, మూడు నిమిషాల కోసమని. కారులో అడిగితే అబద్ధం చెప్పానన్నాడు. "కలివి కంపే పెద్దాయనా. కాయలున్నాయి. ఎర్రరాయి పెట్టినావు. నువ్వు వేసినావు. నీ మతి ఎక్కడికీ పోలేదు. నా మతే గడ్డి తిన్నది." చెప్తూ చెప్తూ పెద్దగా ఏడ్చేశాడు.

ఆదెయ్య అంతా విన్నాడు. రాయి మీది నుంచి చెయ్యి తియ్యకుండా, రెండో చేత్తో ఉదయ్ వీపు నిమిరాడు.

"ఊరుకో నాయనా, ఊరుకో. ముసలోడు కుమిలిపోతా ఉండాడని నువ్వు నెత్తినేసుకుంటా ఉండావు. నీది మంచి మనసు. ఆ పొద్దు భుజం తోలు లేచినా దించలేదు నువ్వు, నేను చూడలేదా?"

"కాదు పెద్దాయనా, నిజంగా నేనే..."

"కాయలూ ఎర్రరాయీ అంటా ఉండావే, అది కారులో నేనే గదా సామీ చెప్పింది." ఆదెయ్య జాలిగా చూశాడు. "పద, దిగదాం. వేలు నెత్తురు కారతా ఉండాది నీకు."

 అబద్ధం చెప్తే ఒక్క క్షణంలో నమ్మిన మనిషి, నిజం చెప్తే నమ్మడం లేదు. తప్పు ఆ మనిషిదా?

ఇద్దరూ దిగి వచ్చేసరికి శ్రీను వాకిట్లో ఉన్నాడు. తండ్రిని చూసి, "మళ్ళా పోయినావా?" అని లేచాడు. ఉదయ్ మధ్యలో నిలబడ్డాడు. వెంగమ్మా ప్రేమలతా వింటుండగా రెండోసారి చెప్పాడు. ఈసారి ఏడవలేదు. శ్రీను మొదట అర్థం కానట్టు చూశాడు.

"ఒక్కటే చెప్పు. ఆ పొద్దు నువ్వు బండ మీదుగా పోయినావా?"

"పోయినాను."

"బండ మీదుగా పోయినోడివి, కంప ఉంటే కనపడకుండా ఉంటాదా? ఉన్నట్టు లేదు అంటివే! ఉన్నట్టు లేదు అంటివి గదరా!" శ్రీను చొక్కా పట్టుకుని గుంజాడు. గుండీలు రెండు తెగి పడ్డాయి. ఉదయ్ కదల్లేదు, కొడితే బాగుండునని చూశాడు. శ్రీను కొట్టలేదు. చొక్కా వదిలేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తల పట్టుకున్నాడు. "నీ మాట విని నేను నాయన్ని పదిమందిలో తిట్టినాను. మతిలేనోడా అన్నాను."

ప్రేమలత మంచం మీది నుంచి మెల్లగా అంది. "నా కాలు విరిగితే అతుక్కుంటా ఉండాది సార్. మా మామ అన్నం తిని లేచి, తిన్నానా అమ్మా అని నన్నడుగుతా ఉండాడు. దానికేం పంపిస్తావు?"



శ్రీను పోయి తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు. "నాయనా, నువ్వు వేసినావు. కంప నువ్వు వేసినావు నాయనా. నీ తప్పు లేదు. నన్ను కొట్టు."

ఆదెయ్య కొడుకు తల మీద చెయ్యి పెట్టాడు. ఉదయ్ వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. "వేసినానంటావా?" అన్నాడు.

"వేసినావు నాయనా."

"సరే. సరే రా. లెయ్యి." ఆయన తల ఊపాడు, ఇంకోసారి ఊపాడు. వెంగమ్మ ఏడుస్తూ చెంబుతో నీళ్ళిస్తే తాగాడు. మూతి తుడుచుకున్నాడు. శ్రీను మొహం కొంచెం తేటపడింది. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నారు అందరూ. ఉదయ్‌కి కూడా ఇరవై రోజుల తర్వాత ఊపిరి లోపలి దాకా పోయినట్టనిపించింది.

ఆదెయ్య చూరులో పెట్టిన కత్తి తీసుకున్నాడు.

"యాడికి నాయనా?"

"ఆడవాళ్ళు ఎక్కే పొద్దయినాది గదరా," అన్నాడు ఆదెయ్య. "కంప వేసినానో లేదో, ఒక్కమాటు చూసొస్తా."

"ఇప్పుడే గదా చూసొచ్చినావు!"

"చూసినానా?" అన్నాడాయన. వాకిలి దాటి కొండదారి పట్టాడు.

శ్రీను అక్కడే కూలబడ్డాడు. ఉదయ్ చెప్పులు కూడా వేసుకోకుండా ఆదెయ్య వెనకే బయల్దేరాడు.